మాటలు అయిపోయాక ప్రార్థన: ఒక కీర్తనను సొంత మొరగా మార్చుకోవడం ఎలా?

మోకరిస్తారు. కళ్లు మూసుకుంటారు. 'కృపగల తండ్రీ, పరిశుద్ధుడవైన దేవా, ఇంతవరకు కాపాడినందుకు స్తోత్రం' వరకు ధారాళంగా సాగుతుంది. తరువాత ఇంట్లోవారి పేర్లు, అనారోగ్యంతో ఉన్నవారి పేర్లు, రేపటి పని. నాలుగు నిమిషాలు గడిచేసరికి నిన్నటి మాటలే మళ్లీ నోట్లో తిరుగుతున్నాయని మీకే తెలిసిపోతుంది. ఇంకో నిమిషానికి మనసు ఎవరికో చెప్పాల్సిన జవాబు దగ్గరికి వెళ్లిపోతుంది. 'ఆమేన్' అని లేచేస్తారు, లోపల కాస్త నేరభావంతో.

నేనూ చాలా ఏళ్లు దీన్ని విశ్వాసలోపం అనుకున్నాను. కాదు. చాలావరకు ఇది మాటల కరువు. దానికి విరుగుడు బైబిలు నడిమధ్యలోనే ఉంది: 150 కీర్తనలు. మనం వాటిని చదువుతాం, పాడతాం, గోడకు తగిలించుకుంటాం. వాటితో ప్రార్థించడం మాత్రం తక్కువ. 72వ కీర్తన చివరి వచనం చూడండి: 'యెష్షయి కుమారుడగు దావీదు ప్రార్థనలు ముగిసెను.' పాటలు అనలేదు, ప్రార్థనలు అంది.

అరువు మాటలతో ప్రార్థిస్తే అది నిజమైన ప్రార్థనేనా అన్న అనుమానం కొందరికి ఉంటుంది. యేసు సిలువమీద పలికిన 'నా దేవా, నా దేవా' అన్న కేక 22వ కీర్తన మొదటి వచనం. ప్రాణం విడిచేముందు 'నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను' అన్నది 31వ కీర్తనలోనిది. చేప కడుపులో యోనా చేసిన ప్రార్థన నిండా కీర్తనల పలుకులే. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో, పేతురు యోహానులు బెదిరింపులు విని తిరిగి వచ్చాక, విశ్వాసులందరూ కలిసి 2వ కీర్తననే ఎత్తుకున్నారు: 'అన్యజనులు ఏల అల్లరి చేసిరి?' ఆ కీర్తనలోని రాజులు, అధికారుల స్థానంలో హేరోదును, పొంతి పిలాతును పేరుపెట్టి నిలబెట్టారు. ఆ తరువాత తమ విన్నపం చెప్పుకున్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే పద్ధతి మొత్తం ఆ ఏడు వచనాల్లోనే ఉంది, మిగతాది వివరణ.

ముందుగా కీర్తనను ఎంచుకోండి

మొదటి కీర్తనతో మొదలుపెట్టి వరసగా 150 వరకు వెళ్లాలనే ఉత్సాహం ఇప్పుడు వద్దు. 119వ కీర్తన జోలికి అసలు వెళ్లకండి. అందులో 176 వచనాలున్నాయి, హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాలకు ఎనిమిదేసి చొప్పున. ఎప్పుడైనా ఒక్క ఎనిమిదింటి ముక్కను తీసుకుంటే అది మంచి భోజనం. మొత్తం ఒకేసారి అయితే అజీర్తి.

చిన్నది, మీ ఇప్పటి స్థితికి దగ్గరగా ఉన్నది తీసుకోండి. జవాబు రాక అలసిపోయి ఉంటే 13. కారణం తెలియకుండా మనసు కుంగి ఉంటే 42. తప్పు చేసి దేవుని ముఖం చూడలేకపోతుంటే 51. ఆ తప్పును దాచిపెట్టి శరీరం కూడా నీరసించిపోతుంటే 32. మేలు పొంది, ఎలా కృతజ్ఞత చెప్పాలో తోచకపోతే 103. పొద్దున లేవగానే 5, పడుకునేముందు 4. దుర్మార్గులు బాగుపడుతుంటే చూసి కడుపు మండుతోందా? 73 చదవండి, దాన్ని రాసిన ఆసాపు మీకంటే ఎక్కువ మండిపడ్డాడు. ఏ స్థితీ లేదు, అంతా మామూలుగానే ఉంది అనుకుంటే 23. అందరికీ కంఠతా వచ్చినదే కదా అని తేలిగ్గా తీసుకోకండి, దాని సంగతి కిందికి వస్తుంది.

ఎంచుకున్నదాన్ని వారమంతా ఉంచుకోండి. రోజుకొకటి మారిస్తే ప్రతి రోజూ కొత్తవారితో పరిచయం చేసుకున్నట్టు ఉంటుంది. నాలుగో రోజుకు గానీ కీర్తన మనతో చనువుగా మాట్లాడదు.

ఒక చిన్న చిక్కు. కొన్ని కతోలిక, ఆర్థడాక్సు ప్రతుల్లో అంకెలు ఒకటి తక్కువగా కనిపిస్తాయి. ప్రాచీన గ్రీకు అనువాదం 9, 10 కీర్తనలను ఒకటిగా లెక్కించింది. అందువల్ల మనం 23 అనేది అక్కడ 22, మనం 51 అనేది అక్కడ 50. ఇద్దరు కలిసి ప్రార్థించేటప్పుడు వేర్వేరు కీర్తనలు తెరిచి కూర్చోకుండా ఇది తెలిసి ఉంటే చాలు.

చోటు, సమయం

దీని గురించి ఎక్కువ చెప్పను. పదిహేను నిమిషాలు ఎవరూ పిలవని చోటు, రోజూ ఒకే వేళ. కీర్తనకారుడు ఒకచోట సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం అంటాడు (55:17), ఇంకోచోట దినానికి ఏడుసార్లు అంటాడు (119:164). మీరు ఒకసారి నిలకడగా చేయండి, మిగతావి వాటంతట అవే వస్తాయి. కాగితం బైబిలు వాడండి. ఫోనులో చదివితే కీర్తన మధ్యలో లోకమంతా తలుపు తట్టి లోపలికి వస్తుంది. పైగా కాగితంమీద అంచున పెన్సిలుతో రాసుకోవచ్చు. ఆ అవసరం చివర్లో వస్తుంది.

పెదవులతో చదవండి

కళ్లతో చదవడం చదువు. పెదవులతో పలికితే ప్రార్థన మొదలవుతుంది. 1వ కీర్తనలో 'దివారాత్రము దానిని ధ్యానించువాడు' అన్నచోట ఉన్న హెబ్రీ క్రియ 'హాగా'. దానికి లోలోపల గొణుక్కోవడం, సన్నగా మూలగడం అని అర్థం. యెషయా గ్రంథంలో సింహం తన ఎరమీద గుర్రుమనడానికీ, పావురం మూలగడానికీ అదే క్రియ వాడారు. కాబట్టి ధ్యానం అంటే కళ్లు మూసుకుని నిశ్చలంగా కూర్చోవడం ఒక్కటే కాదు, వాక్యాన్ని నోట్లో నానబెట్టుకోవడం కూడా. పక్కగదివారికి వినబడక్కరలేదు, మీ చెవికి వినబడితే చాలు.

రెండుసార్లు చదవండి. మొదటిసారి ఏమి ఉందో తెలుసుకోవడానికి. పాత తెలుగు అనువాదంలో 'విముఖుడవై', 'దుఃఖాక్రాంతుడనై' వంటి మాటలు అడ్డుపడితే అప్పుడే వాడుక భాష అనువాదం ఒకటి పక్కన పెట్టుకుని అర్థం చూసుకోండి; ప్రార్థన మధ్యలో నిఘంటువు వద్దు. రెండోసారి నెమ్మదిగా. కీర్తనల్లో ఒక పాదం చెప్పిన సంగతినే తరువాతి పాదం కొంచెం మార్చి మళ్లీ చెబుతుంది. అది హెబ్రీ కవిత్వపు అల్లిక. తొందరపడేవారికి అది పునరుక్తిలా కనిపిస్తుంది. నిజానికి ఆ రెండో పాదం మనకోసమే: మొదటిసారి నోరు పలికింది, రెండోసారి మనసు అందుకుంటుంది.

పైన చిన్న అక్షరాల్లో 'ప్రధానగాయకునికి', 'దావీదు కీర్తన' అని ఉండే మాటలను దాటేయకండి. 51కి పైన, బత్షెబతో చేసిన పాపం తరువాత నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వచ్చిన సందర్భం ఉంది. అది చదవకుండా ఆ కీర్తనలోకి వెళ్తే సగం బరువు తెలియదు. ఇక 'సెలా' అనే మాట కీర్తనల్లో 71 సార్లు వస్తుంది. దాని అర్థం పండితులు ఇప్పటికీ తేల్చలేదు, సంగీతానికి సంబంధించిన సూచన అని ఎక్కువమంది అంచనా. నేను దాన్ని చూసినప్పుడల్లా మూడు ఊపిరులు ఆగుతాను. ఇది నా అలవాటు, నియమం కాదు.

ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడండి

ప్రార్థించే ముందు కీర్తనలో 'నీవు', 'ఆయన', 'నేను' ఎక్కడ మారుతున్నాయో గమనించండి. 23వ కీర్తన మొదటి మూడు వచనాలు దేవుని గురించి మాట్లాడతాయి: ఆయన నన్ను పరుండజేస్తాడు, ఆయన నన్ను నడిపిస్తాడు. పచ్చిక ఉన్నంతసేపు, నీళ్లు ఉన్నంతసేపు 'ఆయన'. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయలో అడుగుపెట్టగానే మాట మారిపోతుంది: 'నీవు నాకు తోడై యుందువు.' ఎవరో చెబితే కాదు, నాకు నేనుగా ఇది కనిపెట్టిన రోజు చాలాసేపు ముందుకు చదవలేకపోయాను. చిన్నప్పటినుంచి వల్లించిన కీర్తన. లోయలో నిలబడి ఆ వచనాన్ని పలికేటప్పుడు మీరూ ఆ 'నీవు'ను నొక్కి పలకండి.

కొన్ని కీర్తనల్లో మనిషి దేవునితో కాకుండా తనతోనే మాట్లాడుకుంటాడు. 'నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?' అని 42వ కీర్తన, 'నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము' అని 103వ కీర్తన. మన మనసు మనకు రోజంతా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. దానికి మనం తిరిగి ఒక మాట చెప్పడం కూడా ప్రార్థనలో భాగమే. అక్కడ మీ పేరే పెట్టుకుని గట్టిగా అడగండి, ఎందుకు కుంగిపోయావని. జవాబు వస్తుంది, దాన్ని దేవునికి చెప్పండి.

'ఆయన' అని ఉన్నచోట 'నీవు' అని మార్చి పలకడం సులువైన సాధన. 'ఆయన నా ప్రాణమునకు సేదదీర్చుచున్నాడు' అన్నది 'నీవు నా ప్రాణానికి సేద దీరుస్తున్నావు' అవుతుంది. వాక్యం మారలేదు, ముఖం ఆయనవైపు తిరిగింది.

వచనం దగ్గర ఆగండి, మీ సంగతి చెప్పండి

అసలు పని ఇదే. 13వ కీర్తనతో చేసి చూపిస్తాను. ఆరే వచనాలు.

మొదటి రెండు వచనాల్లో ఒకటే ప్రశ్న పదేపదే వస్తుంది: ఎన్నాళ్లవరకు, ఎంతకాలము, ఎంతవరకు. హెబ్రీలో ఒకే మాట నాలుగుసార్లు. 'యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?' అని పలికి ఆగండి. మీ జీవితంలో ఎన్నాళ్లనుంచి జవాబు లేదో ఆ సంగతి చెప్పండి. 'పరిస్థితులు' అని చెప్పకండి. ఇలా చెప్పండి: 'ఉద్యోగం పోయి పదకొండు నెలలు అయింది ప్రభువా. ప్రతి ఉదయం ఇంట్లోవారు నా ముఖం చూస్తారు, ఏమీ అడగరు. ఆ అడగకపోవడమే నేను భరించలేకపోతున్నాను. నీవు నన్ను మరిచిపోయావనిపిస్తోంది.' ఇంత సూటిగా దేవునితో మాట్లాడవచ్చా అని భయపడకండి. ఆ మాటను పరిశుద్ధ గ్రంథమే మీ నోట్లో పెట్టింది. కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. ఆరాధనలో మనం వాటిని తక్కువ వాడుతున్నామంటే లోపం మన ఎంపికలో ఉంది.

'పగలంతయు దుఃఖాక్రాంతుడనై యుందును' దగ్గర మళ్లీ ఆగండి. పగలంతా మీ లోపల ఏమి జరుగుతోందో చెప్పండి. 'శత్రువు' దగ్గర మీకు మనిషి ఎవరూ తోచకపోవచ్చు. మీ శత్రువు ఒక రోగం కావచ్చు, అప్పు కావచ్చు, మానలేని అలవాటు కావచ్చు. బలవంతంగా ఎవరినో వెతికి అక్కడ కూర్చోబెట్టకండి.

మూడో వచనంలో కీర్తన అడగడం మొదలుపెడుతుంది: 'నామీద దృష్టి యుంచి నాకుత్తరమిమ్ము.' 'నా కన్నులకు వెలుగిమ్ము.' ఎంత తక్కువ అడిగాడో చూశారా? చూడు, జవాబు చెప్పు, వెలుగు ఇవ్వు. ఇక్కడ మీరు మీ విన్నపం పెట్టండి, కానీ ఒకటి రెండు వాక్యాల్లో. మనం సాధారణంగా మొర తగ్గించి, విన్నపాల జాబితా పెంచుతాం. ఈ కీర్తన ఆ నిష్పత్తిని తలకిందులు చేస్తుంది.

ఐదో వచనం 'నేనైతే' అని మొదలవుతుంది. ఆ ఒక్క మాట మీద కీర్తనంతా తిరుగుతుంది. 'నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను.' పరిస్థితి మారినట్టు కీర్తనలో ఎక్కడా లేదు. జవాబు వచ్చిందనీ లేదు. ఇక్కడికి వచ్చేసరికి మీకు ఆ వాక్యం నోట రాకపోతే అబద్ధం చెప్పకండి. 'నేనైతే' అని పలికి, అక్కడే ఆగి, 'ఈ వాక్యాన్ని పూర్తి చేసే బలం ఇవ్వు' అని అడగండి. అదీ ప్రార్థనే. నేను కొన్ని వారాలు 'నేనైతే' దగ్గరే ఆగిపోయిన సందర్భం ఉంది. ఆరో వచనానికి చేరిన రోజు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు, నోరు దానంతట అదే ముందుకు వెళ్లింది.

మొత్తానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. అన్ని వచనాల దగ్గరా ఆగాలని లేదు. ఒక వచనం పట్టుకుంటే దాంతోనే లేవండి.

కీర్తన ఒకటి, మీ మనసు ఒకటి అయినప్పుడు

మీరు సంతోషంగా ఉన్నారు, ఈ వారపు కీర్తన ఏడుపు. దాన్ని పక్కన పెట్టకండి. ఇప్పుడు ఈ మాటలు ఎవరి నోట్లో ఉండాలో ఆలోచించండి: ఆసుపత్రిలో ఉన్న స్నేహితుడు, విడిపోయిన దంపతులు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి. 'నేను' అని ఉన్న ప్రతిచోటా వారిని నిలబెట్టి వారి పక్షాన పలకండి. విజ్ఞాపన ప్రార్థన చేయలేకపోతున్నామని బాధపడేవారికి దీనికంటే తేలిక దారి నాకు తెలియదు. 'ఫలానావారిని దీవించు' అని పేరు చెప్పి దాటిపోయే చోట, ఆరు వచనాలసేపు వారి చెప్పుల్లో నిలబడతారు.

తలకిందులుగా, మీరు చీకట్లో ఉంటే కీర్తన స్తుతితో నిండి ఉండవచ్చు. అప్పుడు మీకు 88వ కీర్తన ఉంది. మొరపెట్టే కీర్తనలు చాలావరకు చివర్లో ఎక్కడో ఒకచోట వెలుగువైపు తిరుగుతాయి. ఇది తిరగదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని ముగిసిపోతుంది. అలాంటిదాన్ని కూడా ప్రార్థనల పుస్తకంలో ఉంచారంటే, ముగింపు లేని ప్రార్థనతో లేచి వెళ్లడానికి మీకు అనుమతి ఉన్నట్టే. ఎవరైనా దుఃఖంలో ఉంటే వెంటనే 103వ కీర్తన అందించకండి. వారి పక్కన కూర్చుని 88 చదవండి.

శాపాల సంగతి

ఏదో ఒక రోజు మీకు 109 గానీ, 137 గానీ ఎదురవుతుంది. 137వ కీర్తన బబులోను నదుల దగ్గర ఏడుపుతో మొదలై, శత్రువుల పసిపిల్లలను బండకు కొట్టేవాడు ధన్యుడని ముగుస్తుంది. చాలామంది ఆ వచనాన్ని నిశ్శబ్దంగా వదిలేస్తారు. నేనైతే వదిలేయమనను; అలాగని ఎవరి పేరో మనసులో పెట్టుకుని రుచిగా పలకమనీ అనను. రెండూ తప్పు దారులే.

మొదట, అది ఎవరి నోటి మాటో గుర్తుంచుకోండి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఊరు తగలబడి, ఆలయం కూలి, తమ పిల్లలు చనిపోవడం చూసి చెరలోకి వెళ్లినవారి మాట అది. ఈ లోకంలో అంత అన్యాయానికి గురైనవారు ఈరోజూ ఉన్నారు. వారి పక్షాన ఆ కీర్తనను చదివి, 'ప్రభువా, వీరి గుండెలో ఉన్నది ఇది, నీవు విను' అని చెప్పవచ్చు.

రెండోది, మీలోనే అలాంటి కోపం ఉంటే దాన్ని ప్రార్థన బయట పెట్టి రాకండి. కీర్తనకారుడు తన శత్రువును చంపలేదు, దేవుని దగ్గర నోరు చేసుకున్నాడు. 'పగతీర్చుట నా పని' అన్నవానికి ఆ పగను అప్పగించాడు. 139వ కీర్తన దీనికి మంచి నమూనా. 21, 22 వచనాల్లో ద్వేషం కట్టలు తెంచుకుంటుంది. వెంటనే 23లో: 'దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము.' ఆ ప్రఖ్యాత వచనాన్ని మనం విడిగా కత్తిరించి వాడుకుంటాం. అది ద్వేషం పక్కనే పుట్టిందని మరిచిపోతాం. మీరు కోపం కక్కిన తరువాత ఈ వచనంతో ఆగండి. తరువాత, శత్రువులకోసం ప్రార్థించమన్న యేసు మాట ఎదుట ఎంతసేపు నిలబడగలిగితే అంతసేపు నిలబడండి. మొదటిరోజే క్షమాపణ పొంగిపొర్లుతుందని మాట ఇవ్వలేను.

ఒప్పుకోలు

51వ కీర్తనతో ప్రార్థించేటప్పుడు ఒకే హెచ్చరిక: మూకుమ్మడిగా ఒప్పుకోకండి. 'మా పాపములన్నిటిని క్షమించుము' అనేది ఏ గుండెకూ గుచ్చుకోదు. 'నా అతిక్రమములు నాకు తెలిసేయున్నవి' అన్న మూడో వచనం దగ్గర ఆగి, తెలిసినదాన్ని పేరుపెట్టి చెప్పండి: ఫలానా రోజు, ఫలానావారితో, ఈ అబద్ధం. ఒక్కటి చాలు. ఆ తరువాత 'నాయందు శుద్ధహృదయము కలుగజేయుము' వరకు తప్పకుండా చదవండి. నేరం దగ్గరే ఆగిపోయి లేచేవారు కీర్తనలో సగమే ప్రార్థించినట్టు. తప్పువల్ల ఇంకొకరు నష్టపోయి ఉంటే, లేచాక వెళ్లాల్సిన చోటు కూడా మీకు తెలిసే ఉంటుంది.

ప్రాచీన సంఘం 6, 32, 38, 51, 102, 130, 143 కీర్తనలను పశ్చాత్తాప కీర్తనలుగా వేరుచేసి పెట్టుకుంది. క్రీ.శ. 430లో అగస్టీను మరణశయ్యమీద ఉన్నప్పుడు దావీదు పశ్చాత్తాప కీర్తనలు కొన్నింటిని రాయించి గోడకు అంటింపజేసుకుని, పడుకునే చదువుకుంటూ కన్నీళ్లు పెట్టుకునేవాడని ఆయన దగ్గర గడిపిన పొస్సీదియుసు రాశాడు. ఎంతో రాసిన బిషప్పు. చివరికి సొంత మాటలు కాదు, అరువు మాటలే దగ్గర పెట్టుకున్నాడు.

ముగించేటప్పుడు ఒక వాక్యం వెంట తీసుకెళ్లండి

ఆ రోజు మిమ్మల్ని పట్టుకున్న ఒక్క పాదాన్ని ఎంచుకుని పగలంతా గొణుక్కోండి. 5వ శతాబ్దం తొలినాళ్లలో జాన్ కాసియన్ అనే సన్యాసి ఐగుప్తు ఎడారి సన్యాసుల దగ్గర నేర్చుకున్నదిగా చెప్పిన పద్ధతి ఇది. వారు పట్టుకున్న వచనం 70వ కీర్తన మొదటిది: 'దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము.' కోపం వచ్చినప్పుడూ అదే, ఆకలైనప్పుడూ అదే, నిద్ర పట్టనప్పుడూ అదే. మెట్లు ఎక్కేటప్పుడు, వరసలో నిలబడినప్పుడు, కష్టమైన ఫోను ఎత్తేముందు పలికి చూడండి.

అయితే వచనాన్ని తాయెత్తుగా మార్చకండి. 91వ కీర్తనను రక్షరేకులా వాడేవారు ఉన్నారు, ఇన్నిసార్లు చదివితే ఇది జరుగుతుందని లెక్కపెట్టేవారూ ఉన్నారు. ఆ కీర్తనలోని దేవదూతల వాగ్దానాన్ని అలా వాడబోయినవాడు మత్తయి 4వ అధ్యాయంలో సాతాను. ఆలయ శిఖరం మీద నిలబెట్టి, దూకమని, ఆ వచనం చెప్పాడు. యేసు దూకలేదు.

ఇక పెన్సిలు. ప్రార్థించిన వచనం పక్కన తేదీ, రెండు మాటలు రాయండి: 'అమ్మ ఆపరేషను', 'అన్నయ్యతో గొడవ'. రెండేళ్ల తరువాత అదే పేజీ తెరిచినప్పుడు ఆ గీతలు మీకు సాక్ష్యం చెబుతాయి. కొన్నింటికి జవాబు వచ్చి ఉంటుంది. కొన్నింటికి ఇంకా లేదని కూడా కనిపిస్తుంది; వాటి పక్కన కొత్త తేదీ వేయండి.

కొన్ని ఇబ్బందులు

మనసు పారిపోతుంటే దాన్ని తిట్టి లాక్కురావద్దు. అది ఎక్కడికి వెళ్లిందో చూడండి. సాధారణంగా అది మీ భయం దగ్గరికో ఆశ దగ్గరికో వెళ్లి ఉంటుంది. ఆ సంగతినే తరువాతి వచనంలో పెట్టండి. నిద్ర వస్తుంటే నిలబడి చదవండి, నడుస్తూ చదవండి. అప్పటికీ వస్తే పడుకోండి, మీకు నిద్రే అవసరం.

ఏ అనుభూతీ కలగకపోతే? కలగని రోజులే ఎక్కువ. కన్నీళ్లు వచ్చిన ప్రార్థనే దేవునికి చేరిందని ఎవరు చెప్పారు? రోమా పత్రిక 8వ అధ్యాయంలో, ఎలా ప్రార్థించాలో మనకు తెలియదనీ, ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడనీ పౌలు అంటాడు. అపొస్తలుడే 'మనకు తెలియదు' అని తనను కలుపుకుని అన్నాక మనకు సిగ్గెందుకు?

కుటుంబ ప్రార్థనకు 136వ కీర్తన తీసుకోండి. ఒకరు మొదటి పాదం చదివితే మిగతావారు 'ఆయన కృప నిరంతరముండును' అంటారు, 26 సార్లు. చదువు రాని చిన్నపిల్లలు కూడా మూడో వచనానికల్లా అందుకుంటారు. కీర్తన అయిపోయాక ఒక్కొక్కరూ ఆ వారం జరిగిన ఒక సంగతి చెప్పడం, మిగతావారు అదే పల్లవి అనడం. పెద్దలు దీర్ఘంగా ప్రార్థిస్తుంటే పిల్లలు కళ్లు తెరిచి చూసే ఇళ్లలో దీన్ని ప్రయత్నించండి.

రెండు మూడు నెలలు గడిచి, పది పదిహేను కీర్తనలతో చనువు ఏర్పడ్డాక మొత్తం 150 వరసగా ప్రార్థించాలనిపిస్తే అప్పుడు మొదలుపెట్టండి. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన సన్యాసులకు వారంలో 150 పూర్తిచేయాలని నియమం పెట్టాడు. 1549లో ఇంగ్లండు సంఘపు ప్రార్థన గ్రంథం వాటిని ఉదయం, సాయంత్రం చొప్పున నెల రోజులకు పంచింది. అంత వేగం మనకు అక్కరలేదు. తేదీని బట్టి ఐదు కీర్తనలు చూసుకోవడం నాకు నచ్చిన లెక్క: ఈరోజు 7వ తేదీ అయితే 7, 37, 67, 97, 127. ఐదింటిమీదా కళ్లు పరిగెత్తించి, మిమ్మల్ని ఆపిన ఒక్కదానితో ప్రార్థించండి. 31వ తేదీ మిగులుతుంది కదా, ఆ రోజుకు 119లోంచి ఒక ఎనిమిది వచనాల ముక్క.

ఈ రాత్రికి మాత్రం 4వ కీర్తన చాలు. ఎనిమిదే వచనాలు. నాలుగో వచనంలో పడకమీద ఉన్నప్పుడు హృదయంలో ధ్యానం చేసుకుని ఊరకుండమంటుంది. అక్కడ ఆగి, ఈ రోజు ఎవరిమీద కోపంతో పడక ఎక్కుతున్నారో చెప్పండి. చివరి వచనం నెమ్మదితో పడుకుని నిద్రపోవడం గురించి. దాన్ని దీపం ఆర్పాక, చూడకుండా పలకండి.